ఖండశః వెలువడిన క్రీడాకథ – ఆటగాండ్ర అభిప్రాయములు

1. విషయ ప్రస్తావన

కథను ఒక్కమారుగా గాక ఖండములుగా విభజించి, నడుమ నడుమ వ్యవధి నిచ్చుచు లోకమునకు అందించు పద్ధతి మన భాషలకు కొత్తది కాదు. వంగభాషలో బంకించంద్రుని 'విషవృక్షము' 1872లో 'బంగదర్శన్' పత్రికయందు ధారావాహికముగా వెలువడినది. తెలుగున వీరేశలింగము పంతులుగారి 'రాజశేఖర చరిత్రము' మొదట పత్రికలో ఖండశః ప్రకటింపబడి 1880లో గ్రంథరూపము దాల్చినది. అట్టి రచనలను నేడు మనము గ్రంథములుగానే చదువుచున్నాము. ప్రతి భాగము చివరను 'సశేషము' అను మాట చూచి, తరువాయి సంచికకై నిరీక్షించిన తొలి పాఠకుడు ఏమనుకొనెను, ఎచట విసిగెను, ఏ పాత్రను అనుమానించెను అను విషయములు మనకు దాదాపుగా తెలియవు. ఆ పాఠకులు వ్రాసిన ఉత్తరములలో హెచ్చుభాగము నశించినది. వారపత్రికల నుండి ధారావాహికలను చించి కుట్టించుకొన్నవారు కథాపత్రములను మాత్రము దాచుకొని, తక్కిన పుటలను విడిచివేసిరి.

ఆ తొలి పాఠకుని స్థితిని నేడు మరల ప్రత్యక్షముగా పరిశీలించుటకు ఒక అవకాశము దొరకినది. అది ముద్రిత వాఙ్మయమున గాక, కంప్యూటరు తెరపై ఆడు వీడియో ఆటలలో దొరకుట కొందరికి వింతగా తోచవచ్చును. చిక్కుముడులను విప్పుచు కథను నడుపుకొనుచు పోవు ఒకవిధమైన సాహసక్రీడలు ఈ శతాబ్దమున ఖండశః వెలువడుచున్నవి. వానిలో 'లైఫ్ ఈజ్ స్ట్రేంజ్' అను ఆట 2015లో అయిదు ఖండములుగా వెలువడి, విశేషమైన చర్చకు పాత్రమైనది. దానిపై ఆటగాండ్రు వెలిబుచ్చిన అభిప్రాయములను వర్గీకరించి, వాని వలన కథాగ్రహణమును గూర్చి మనము నేర్వదగిన దేమో విచారించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము. అసంపూర్ణమైన కథపై వెలిబుచ్చిన అభిప్రాయమును, సంపూర్ణమైన కథపై వెలిబుచ్చిన అభిప్రాయమును ఒకే త్రాసులో తూచరాదనునది ఇందు ప్రతిపాదింపబడు ముఖ్యవిషయము.

2. ఈ ప్రక్రియ స్వరూపము

సాహసక్రీడ యనగా ఆటగాడు ఒక పాత్రను నడుపుచు, దారిలో ఎదురగు చిక్కుముడులను విప్పుచు, కథయొక్క తుదిని చేరు ఆట. అమెరికాలో 1976లో విల్ క్రౌథర్ అను నతడు ఒక గుహాన్వేషణమును కంప్యూటరునకు కథగా కూర్చెను. 1977లో డాన్ వుడ్స్ దానిని పెంచి విస్తరించెను. అందు బొమ్మలు లేవు. యంత్రము స్థలవర్ణనమును అక్షరములలో చూపును. ఆటగాడు ఒకటి రెండు మాటలలో ఆజ్ఞ యిచ్చును. 1980లో వచ్చిన 'మిస్టరీ హౌస్' అను ఆటతో ఇందు బొమ్మలు ప్రవేశించినవి. అప్పటినుండి చిక్కుముడియే ఈ ప్రక్రియకు ప్రాణమై నిలిచినది. తలుపునకు తాళము వేసియుండును. చెవి వేరొకచోట నుండును. దానిని కనుగొననిదే కథ ముందునకు సాగదు.

ఖండశః ప్రకటనమును ఈ రంగమున స్థిరపరచినది టెల్‌టేల్ అను సంస్థ. 2004లో కాలిఫోర్నియాలో నెలకొన్న ఈ సంస్థ 2006 అక్టోబరు మొదలు 2007 ఏప్రిలు వరకు 'శామ్ అండ్ మాక్స్' కథను ఆరు ఖండములుగా విడుదల చేసెను. 2012లో 'ది వాకింగ్ డెడ్' అను ఆటను అయిదు ఖండములుగా వెలువరించి మిక్కిలి ప్రసిద్ధి గాంచెను. ఈ రెండవ ఆటయందు చిక్కుముడులు తగ్గినవి. వాని స్థానమున ధర్మసంకటములు హెచ్చినవి. ఇద్దరిలో ఒక్కరిని మాత్రమే కాపాడగలవు, ఎవరిని కాపాడెదవు అని కథ ఆటగానిని అడుగును.

ఈ పద్ధతిలో ఒక అపాయము కూడ గలదు. 2018లో టెల్‌టేల్ సంస్థ కుప్పకూలినప్పుడు 'ది వాకింగ్ డెడ్' చివరి కథాచక్రమున నాలుగు ఖండములకు గాను రెండే వెలువడియుండెను. తక్కిన రెంటిని మరియొక సంస్థ 2019లో పూర్తిచేసెను. 'హాఫ్-లైఫ్ 2' కథకు అనుబంధముగా 2007లో రెండవ ఖండము వెలువడినది. ప్రకటింపబడిన మూడవ ఖండము వెలువడనే లేదు. అన్ని ఖండములకును ముందుగనే మూల్యము చెల్లించు ఏర్పాటు ఈ ఆటలలో సామాన్యము. కావున ఇందలి ఆటగాడు శ్రోత మాత్రుడు కాడు. కథ పూర్తియగునన్న నమ్మకమును పెట్టుబడిగా పెట్టినవాడు. అతని అభిప్రాయమున రసాస్వాదముతో పాటు ఈ నమ్మకము, దానిని ఆనుకొని యుండు శంక కూడ కలిసియుండును.

3. కథాసంగ్రహము

'లైఫ్ ఈజ్ స్ట్రేంజ్' ఆటను పారిసు నగరమందలి డోంట్‌నాడ్ సంస్థ నిర్మించినది. స్క్వేర్ ఎనిక్స్ సంస్థ ప్రచురించినది. కథాస్థలము అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రమున, సముద్రతీరమున, ఆర్కేడియా బే అను కల్పితమైన చిన్న పట్టణము. మాక్స్ కాల్‌ఫీల్డ్ అను పదునెనిమిదేండ్ల బాలిక ఛాయాచిత్రకళను అభ్యసించుటకు అచటి విద్యాలయమునకు వచ్చును. పట్టణమును ఒక మహావాత్య ముంచివేయుచున్నట్లు ఆమెకు తరగతిలో దర్శనమగును. పిమ్మట ఒక యువతిని ఒకడు తుపాకితో కాల్చుట చూచి చేయి చాపగా కాలము వెనుకకు మరలును. ఆ శక్తితో ఆమెను కాపాడును. అట్లు బ్రదికిన యువతి తన చిన్ననాటి నెచ్చెలి క్లోయీ ప్రైస్ అని తరువాత తెలియును. అదృశ్యమైన రేచెల్ ఆంబర్ అను మరియొక యువతిని వీరిరువురును వెదకుదురు.

కథ సోమవారము మొదలు శుక్రవారము వరకు అయిదు దినములలో జరుగును. ఇంచుమించుగా దినమున కొక ఖండము. అకాలమున మంచు కురియుట, అనూహ్యమైన సూర్యగ్రహణము, ఆకాశమున రెండు చంద్రబింబములు కన్పట్టుట, తిమింగిలములు ఒడ్డునబడి చచ్చుట మొదలగు ఉత్పాతములు క్రమముగా పొడసూపును. మన కావ్యములలోని ఉత్పాతవర్ణనములు తెలిసినవారికి ఇందు పరాయితనము కన్పట్టదు.

ఖండములు వెలువడిన తేదీలు గమనింపదగినవి. మొదటిది 2015 జనవరి 30. రెండవది మార్చి 24. మూడవది మే 19. నాలుగవది జూలై 28. అయిదవది అక్టోబరు 20. నడిమి వ్యవధులు వరుసగా 53, 56, 70, 84 దినములు. అయిదు దినముల కథను తొలి ఆటగాండ్రు 263 దినముల కాలమున అనుభవించిరన్నమాట. కథలోని ఉద్వేగము పెరిగిన కొలది నిరీక్షణకాలము కూడ పెరుగుట యాదృచ్ఛికమే కావచ్చును; కాని దాని ప్రభావము అభిప్రాయములపై స్పష్టముగా కన్పట్టుచున్నది.

4. చిక్కుముడులపై అభిప్రాయములు

ఈ ఆటలో చిక్కుముడులు కాలమును వెనుకకు త్రిప్పు శక్తిపై ఆధారపడియున్నవి. మాక్స్ ఒకరిని ప్రశ్నించి రహస్యమును తెలిసికొనును. కాలమును వెనుకకు త్రిప్పును. ఆ రహస్యము తనకు ముందే తెలిసినట్లుగా మరల సంభాషించును. కాలము వెనుకకు మరలినను ఆమె చేతికి వచ్చిన వస్తువు ఆమెయొద్దనే నిలుచును. ఈ రెండు నియమముల నుండి పలువిధములైన చిక్కులు పుట్టినవి. రెండవ ఖండమున క్లోయీని నమ్మించుటకై ఆమె జేబులలో నున్న వస్తువులను, ఫలహారశాలలో మరుక్షణమున జరుగబోవు సంఘటనలను ముందుగా చెప్పవలసిన ఘట్టము ఇట్టిది. ఇది ఆటగాని పరిశీలనశక్తిని పరీక్షించును. అంతేకాక కథకు కావలసిన నమ్మకమును రెండు పాత్రల నడుమ కలిగించును.

ఆ ఖండముననే మరియొక చిక్కు గలదు. పాత సామానులు కుప్పలుగా పడియున్న చోట క్లోయీ కోరిన అయిదు ఖాళీ సీసాలను మాక్స్ వెదకి తేవలెను. తుపాకి గురి నేర్చుటకు ఆ సీసాలు కావలెను. ఈ ఆటపై వచ్చిన ఆక్షేపణలలో అందరినోట నానినది ఇదియే. చిక్కు కఠినమైనదని ఎవరును అనలేదు. విసుగు కలిగించినదనియే అనిరి. ఇందు ఊహకు గాని కాలశక్తికి గాని చెప్పుకోదగిన పని లేదు. తిరిగి తిరిగి చూడవలసినదే. అయిదవ ఖండమందలి పీడకలలో ఈ సీసాలు మరల కన్పించును. తమ ఆక్షేపణకు కర్తలు నవ్వుచు ఇచ్చిన బదులుగా దీనిని భావించిన ఆటగాండ్రు కలరు.

ఇందుకు సరిగా ఎదురుగా నిలుచునది ఆ ఖండాంతమందలి ఘట్టము. కేట్ మార్ష్ అను విద్యార్థిని లోకనిందకు గురియై, ప్రాణత్యాగమునకు సిద్ధపడి, వసతిగృహము పైకప్పున నిలిచియుండును. ఆమెను చేరుటకై మాక్స్ కాలమును స్తంభింపజేసి పైకెక్కును; ఆ శ్రమచే ఆమె శక్తి క్షీణించును. ఇక కాలము వెనుకకు మరలదు. పలికిన మాట పలికినదే. కేట్ గదిలో అంతకుముందు చూచిన కుటుంబచిత్రము, ఆమె విశ్వసించు గ్రంథమందలి వాక్యము మొదలగువానిని ఆటగాడు గుర్తుంచుకొనియున్నచో ఆమె మనస్సును త్రిప్పగలడు. లేనిచో ఆమె దక్కదు. ఖండాంతమున, ఇట్టి వేదనలో నున్నవారు సహాయము పొందుటకు ఒక సూచనను కూడ కర్తలు చేర్చిరి.

ఈ ఘట్టమును మెచ్చుకొనని ఆటగాండ్రు అరుదు. విచారించినచో ఇదియు చిక్కుముడియే. సీసాల చిక్కున గాని కేట్ ఘట్టమున గాని ఆటగాడు చేయవలసినది చూచుట, గుర్తించుట మాత్రమే. అయినను ఒకటి నిందకును, మరియొకటి ప్రశంసకును పాత్రమగుటకు కారణమేమి? సీసాలను కనుగొనుటకు క్లోయీ యెవరో తెలియనక్కరలేదు. కేట్‌ను కాపాడుటకు మాత్రము ఆమె యెవరో తెలిసియుండవలెను. ఒకచోట చూపు వస్తువుపై నిలుచును. రెండవచోట మనిషిపై నిలుచును. క్షేమేంద్రుడు రసమునకు జీవితభూతముగా చెప్పిన ఔచిత్యమును ఈ ఆటగాండ్రు పేరు తెలియకయే కోరిరని చెప్పవచ్చును. చిక్కుముడి సులభమా, కఠినమా అను ప్రశ్న వారికి గౌణము. కథాంగముగా ఒదిగినదా, అతికినట్లున్నదా అను ప్రశ్నయే ముఖ్యము.

నాలుగవ ఖండమున క్లోయీ గదిలో సేకరించిన ఆధారములను ఒకదానితో నొకటి జతపరచి రహస్యస్థలమును కనుగొను ఘట్టము గలదు. దీనిపై అభిప్రాయములు భిన్నములు. అపరాధపరిశోధనము నిజముగా చేసినట్లున్నదని కొందరు, పత్రములు త్రిప్పుటయే మిగిలినదని కొందరు చెప్పిరి. అయిదవ ఖండమున దీపములు పట్టుకొని తిరుగువారి కంటబడకుండ నడచిపోవలసిన భాగమును మాత్రము చాలమంది దీర్ఘమని ఆక్షేపించిరి. కథాంతమునకై తహతహపడు సమయమున నడకకు అడ్డు తగులుటయే వారి అసహనమునకు కారణము.

5. సంభాషణభాషపై అభిప్రాయములు

భాషాశాస్త్రజ్ఞులకు ఆసక్తి కలిగించు ఆక్షేపణ మరియొకటి గలదు. ఈ ఆటను ఫ్రెంచి సంస్థ నిర్మించినది. పాత్రలు మాత్రము అమెరికా యువతీయువకులు. మూలకథను ఫ్రెంచివాడైన జాన్-లూక్ కానో కూర్పగా, ఆంగ్ల సంభాషణల రచనలో అమెరికా రచయిత క్రిస్టియన్ డివైన్ పాల్గొనెను. మొదటి ఖండము వెలువడినంతనే, ఈ పాత్రల మాటలు నేటి యువకుల మాటల వలె లేవని పలువురు ఆక్షేపించిరి. 'చాల' అను అర్థమున క్లోయీ పలుకు 'హెల్లా' అను మాట వారి పరిహాసమునకు ముఖ్యలక్ష్యమైనది. ఇది ఉత్తర కాలిఫోర్నియాలో పుట్టి పశ్చిమతీరమున వ్యాపించిన వాడుకమాట. అది ఆ ప్రాంతమునకు అసహజము కాదు. దానిని మాటిమాటికి పలికించుటయే కృతకముగా తోచినది.

పాత్రోచితభాషను గూర్చిన చర్చ మనకు సుపరిచితము. నాటకమున గాని నవలలో గాని మాండలికమును ప్రవేశపెట్టునప్పుడు, వినిన మాటనెల్ల వ్రాసినచో సహజత రాదు. ఏ మాట ఎంత తరచుగా వచ్చుననునది కూడ భాషాధర్మమే. నిఘంటువు మాటను ఇచ్చును గాని మాటయొక్క పౌనఃపున్యమును ఇయ్యదు. పెదవుల కదలిక మాటలతో సరిపోలకుండుట మరియొక ఆక్షేపణ. 2022లో వెలువడిన పరిష్కృతరూపమున ముఖకవళికలు సవరింపబడినవి.

ఇచట ఒక విశేషము కన్పట్టుచున్నది. భాషపై ఆక్షేపణ మొదటి ఖండకాలమున తీవ్రము. తరువాతి ఖండముల కాలమున మందగించినది. భాష మారినందున గాదు. పాత్రలతో పరిచయము పెరిగిన కొలది క్లోయీ మాటతీరు ఆమె స్వభావలక్షణముగా తోచసాగినది. తొలుత పరిహసించిన మాటనే పిమ్మట ఆమెపై అభిమానముతో తామును పలికిన ఆటగాండ్రు కలరు. ఒకే మాటపై ఒకే వ్యక్తి అభిప్రాయము నెలల వ్యవధిలో నిందనుండి మమకారమునకు మరలినదన్నమాట. తేదీ లేని అభిప్రాయసంగ్రహమున ఈ పరిణామము కన్పట్టదు. ఒక నింద, ఒక మెప్పు మాత్రమే మిగులును.

6. నిరీక్షణకాలపు ఊహలు

మూడవ ఖండాంతమున మాక్స్ తన శక్తిచే అయిదేండ్ల వెనుకకు పోయి, క్లోయీ తండ్రిని రోడ్డు ప్రమాదము నుండి తప్పించును. మరలివచ్చి చూడగా తండ్రి బ్రదికియుండును. క్లోయీ మాత్రము కదలలేక చక్రపు కుర్చీలో నుండును. అంతటితో ఖండము ముగియును. తరువాయి భాగము 70 దినముల పిమ్మట వెలువడినది. నాలుగవ ఖండాంతమున ఛాయాచిత్రోపాధ్యాయుడైన మార్క్ జెఫర్సన్ దుష్టుడని బయటపడును, క్లోయీ హతురాలగును, మాక్స్ బందీయగును. ఇక 84 దినములు నిరీక్షింపవలసివచ్చినది.

ఈ దినములలో ఆటగాండ్రు ఊరకుండలేదు. గడచిన ఖండములను మరల మరల ఆడి, గోడలపై నున్న కాగితములను, ఛాయాచిత్రములను, చిరుసంభాషణలను పరిశీలించిరి. వాత్యకు కారణమేమి? జెఫర్సన్ దుర్మార్గమునకు ముందే సూచనలు గలవా? మాక్స్ కాలమును త్రిప్పుటయే ఉత్పాతములకు మూలమా? ఇట్టి ప్రశ్నలకు వారు అల్లిన ఉపపత్తులు కొన్ని మిక్కిలి సూక్ష్మములు. జెఫర్సన్ విషయమున రెండు పక్షములు ఏర్పడినవి. తరగతిలో అతడు పలికిన పలుకులలోనే సూచన యున్నదని ఒక పక్షము. అకస్మాత్తుగా దుష్టుని చేసినారని మరియొక పక్షము. సూచనలను వెదకినవారికి దొరకినవి. వెదకనివారికి పాత్ర ఒక్కసారిగా మారినట్లు తోచినది.

నేడు ఈ ఆటను కొత్తగా ఆడువాడు నాలుగవ ఖండము ముగిసిన మరునిమిషమున అయిదవ దానిని మొదలిడగలడు. 2016 జనవరిలోనే అయిదు ఖండములును ఒకే పెట్టెలో అమ్మకమునకు వచ్చినవి. అతనికి ఊహించుటకు వ్యవధి లేదు. కావున భంగపడుటకు ఊహయు లేదు. అతని అభిప్రాయము తొలి ఆటగాని అభిప్రాయము కంటె శాంతముగా నుండుట సహజము. దానిని మరింత నిష్పక్షపాతమైనదిగా ఎంచుట మాత్రము పొరపాటు. అతడు ఆడినది అదే ఆటయైనను, పొందిన అనుభవము వేరు.

7. నిర్వహణముపై వివాదము

అయిదు ఖండముల ఈ కథను మన పంచసంధులతో పోల్చి చూచుట ప్రయోజనకరము. కర్తలు నాట్యశాస్త్రమును అనుసరించిరని చెప్పుట ఇచట ఉద్దేశము కాదు. అభిప్రాయములను వివరించుటకు అది అనువైన సాధనము. ముఖసంధియందు వాత్యాదర్శనము, క్లోయీ రక్షణము అను బీజములు నాటబడినవి. ప్రతిముఖమున కేట్ ఘట్టముచే కాలశక్తికి హద్దు చూపబడినది. గర్భమున తండ్రిని కాపాడుటచే ఫలము దొరకినట్లే దొరకి చేజారినది. విమర్శయందు జెఫర్సన్ రూపమున మహావిఘ్నము వచ్చినది. ఇక మిగిలినది నిర్వహణము.

నిర్వహణసంధియందు ముందు చెదరియున్న అర్థములన్నియు ఒక ప్రయోజనమునకై సమకూడవలెనని శాస్త్రము. ఈ ఆట చివరను మాక్స్‌కు ఒకే ప్రశ్న ఎదురగును. తొలినాటి ఘట్టమునకు మరలిపోయి క్లోయీని చావనిచ్చినచో పట్టణము దక్కును. లేదా పట్టణమును వాత్యకు వదలివేసినచో క్లోయీ దక్కును. ఆటగాడు అంతవరకు చేసిన ఎన్నికలు ఏవైనను ఈ రెండే మార్గములు.

ఆక్షేపణ ఇచటనే చెలరేగినది. తొమ్మిది నెలలపాటు ప్రతి యెన్నికకును ఫలితముండునని కథ చెప్పుచు వచ్చినదనియు, తుదకు అవన్నియు ఒక్క ప్రశ్నలో కరగిపోయినవనియు పలువురు బాధపడిరి. కేట్‌ను కాపాడినవాడును, కాపాడలేనివాడును ఒకే కూడలిలో నిలిచిరి. పైగా క్లోయీని త్యజించినచో వచ్చు ముగింపు దీర్ఘము, అంత్యక్రియల దృశ్యముతో కూడినది; పట్టణమును త్యజించినచో వచ్చు ముగింపు హ్రస్వము. ఈ కొలతలోని తేడాను బట్టి కర్తల మొగ్గు ఏ వైపున నున్నదో తెలియుచున్నదని కొందరు వాదించిరి. క్లోయీతో మాక్స్‌కు గల స్నేహము అనురాగముగా పరిణమించుటను ఆప్యాయతతో గమనించినవారికి ఈ హ్రస్వత మరింత కష్టము కలిగించినది.

సమర్థకుల వాదము కూడ బలహీనమైనది కాదు. తప్పిన ప్రతిదానిని సరిదిద్దగలనని నమ్మిన బాలికకు, సరిదిద్దరాని దొకటి యున్నదని తెలియుటయే ఈ కథార్థమని వారి మతము. ఎన్నికలు వ్యర్థములు కాలేదు. అవి కథను మార్చకపోయినను, తుది ప్రశ్నకు సమాధానము చెప్పవలసిన ఆటగానిని మార్చినవి. క్లోయీని అతడు ఎంత ప్రేమించునో, పట్టణవాసులను ఎంత ఎరుగునో ఆ ఎన్నికల వలననే ఏర్పడినది.

ఈ సందర్భమున బేతాళకథలు స్మరణకు వచ్చును. అందును ప్రతి కథ ఒక ప్రశ్నతో ముగియును. రాజు నీతిని తూచి సమాధానము చెప్పును. చివరి కథకు మాత్రము సమాధానము దొరకదు; రాజు మౌనము వహించును. ఆ మౌనమే అతనికి జయమును చేకూర్చును. 'లైఫ్ ఈజ్ స్ట్రేంజ్' చివరి ప్రశ్నకును సరియైన సమాధానము లేదు. కాని ఆటగానికి మౌనము వహించు అవకాశమును ప్రక్రియ ఇయ్యదు. రెండింటిలో నొకదానిని ఎన్నుకొననిదే కథ కదలదు. నిర్వహణముపై వచ్చిన కోపమున కొంత భాగము, సమాధానము లేని ప్రశ్నకు బలవంతముగా సమాధానము చెప్పవలసివచ్చిన వాని కోపమే యని గ్రహించినచో, ఇరుపక్షముల మాటయు సుగమమగును.

8. రెండు విధములైన సాక్ష్యము

ఈ ఆటలో ప్రతి ఖండాంతమునను ఒక పట్టిక కన్పించును. ముఖ్యమైన ప్రతి ఎన్నికయందును ఎంత శాతము ఆటగాండ్రు ఏ మార్గమును పట్టిరో అందు చూపబడును. ఇట్టి పట్టిక ముద్రిత వాఙ్మయమున ఊహింపరానిది. అయినను దీనిని అభిప్రాయముగా ఎంచుటకు ముందు విచారింపవలసియున్నది. ఎన్నిక యనునది క్రియ. అభిప్రాయ మనునది ఉక్తి. కేట్ విషయమున విఫలుడైనవాడు ఆమె మరణమును కోరినవాడు కాడు. అతడు ఒక వాక్యమును మరచినవాడు మాత్రమే. పట్టణమును త్యజించినవాడు ఆ ముగింపును మెచ్చినవాడు కానక్కరలేదు. ఒకసారి ఒక మార్గమును, మరల ఆడునప్పుడు రెండవ మార్గమును చూచినవారును కలరు. అంకె క్రియను లెక్కించును. దాని వెనుక నున్న మనస్సును చెప్పదు. ఆటగాండ్రు మాటలలో వ్రాసిన అభిప్రాయములే ఆ లోటును పూరింపగలవు.

వ్రాసిన అభిప్రాయమునందును కాలదోషము గలదు. నిర్వహణము నచ్చనివాడు అంతకుముందు తాను మెచ్చిన ఖండములను కూడ తరువాత తక్కువగా తలచుట సామాన్యము. నచ్చినవాడు సీసాల విసుగును మరచును. తుది ఖండము వెనుకకు ప్రసరించి పూర్వాభిప్రాయములకు రంగు పులుమును. ఈ ఆటకు 2016లో బ్రిటిషు అకాడమీ వారి ఉత్తమకథా బహుమానము లభించినది. బహుమానము కథాసమగ్రతకు లభించునది. మార్చి నెలలో మూడవ ఖండమునకై ఎదురుచూచిన ఆటగాని అనుభవము అందు నమోదు కాదు.

నిర్మాతలు కూడ కాలక్రమమున ఈ పద్ధతిని విడనాడిరి. ఇదే మాలికలో 2021లో వెలువడిన 'ట్రూ కలర్స్' అధ్యాయములుగా విభక్తమైనను ఒక్కమారుగనే విడుదలైనది. 2024లో వెలువడిన 'డబుల్ ఎక్స్‌పోజర్' మాక్స్ కథను కొనసాగించుచు, మొదటి ఆటలో ఏ ముగింపును ఎన్నుకొంటివని ఆరంభమున సంభాషణముఖమున ఆటగానినే అడుగును. తొమ్మిదేండ్ల నాటి వివాదమున ఏ పక్షమును కాదనకుండుటకు కర్తలు పట్టిన మార్గమిది.

9. ఉపసంహారము

పై పరిశీలనము వలన మూడు విషయములు తేలుచున్నవి. చిక్కుముడియొక్క మంచిచెడ్డలను ఆటగాండ్రు కాఠిన్యమును బట్టి గాక, కథతో దానికి గల సంబంధమును బట్టి నిర్ణయించిరి. భాషపైనను పాత్రలపైనను వారి అభిప్రాయములు ఖండక్రమమున మారినవి. ఆ మార్పు యాదృచ్ఛికము గాక పరిచయముతో, నిరీక్షణతో ముడివడియున్నది. నిర్వహణముపై వచ్చిన వివాదము కథాలోపమును గూర్చినది మాత్రమే గాక, ఎన్నుకొనువానికి కర్తృత్వము ఎంతవరకు గలదను ప్రశ్నను గూర్చినది.

కావున ఇట్టి అభిప్రాయములను సేకరించు పరిశోధకుడు ప్రతిదానికిని తేదీని, అప్పటికి వెలువడియున్న ఖండసంఖ్యను తప్పక చేర్చవలెను. వ్రాసినవాడు ఆటను ఖండశః ఆడెనా, ఒక్కమారుగా ఆడెనా అను విషయమును కూడ తెలిసినంతవరకు సూచింపవలెను. ఈ మూడును లేని సంగ్రహము ఎంత విపులమైనను, నిరీక్షించిన ఆటగానికిని నిరీక్షింపని ఆటగానికిని భేదమును చూపజాలదు.

ఈ నియమము మన ధారావాహిక నవలలకును వర్తించును. దేశభాషలన్నిటను వెనుకటి వారపత్రికల, మాసపత్రికల సంపుటములు గ్రంథాలయములలో జీర్ణించుచున్నవి. వానిని ఛాయాగ్రహణము చేసి భద్రపరచు పని ఇప్పుడు పలుచోట్ల జరుగుచున్నది. నవలాభాగములతో పాటు ఆ సంచికలలోని పాఠకుల లేఖలపుటలను కూడ తేదీక్రమమున భద్రపరచి, ఏ భాగము వెలువడిన పిమ్మట ఏ లేఖ వచ్చెనో సూచికలు కూర్చినచో, మన నవలయొక్క తొలి పాఠకుని మాట కొంతవరకైనను దక్కును. ఆ పుటలు ఇంకను మిగిలియున్న గ్రంథాలయములలో ముందుగా ఈ కార్యమునకు పూనుకొనుట మేలు.